‘మొగుడూ పెళ్ళాల గొడవ’ అని కాల్ వస్తే: ఫోన్ మోగింది మొదలు జీడీ (జనరల్ డైరీ) ఎంట్రీ దాకా పోలీసు చేయాల్సిన పని

ఇది కొత్తగా స్టేషన్‌లో చేరిన ఎస్సైల కోసం, రాత్రి డ్యూటీలో పెట్రోలింగ్ కారులోనో బ్లూ కోల్ట్స్ గస్తీ బైకు మీదో తిరిగే కానిస్టేబుళ్ళ కోసం రాసింది. ఫోన్ చేసే ఇంటివాళ్ళూ పక్కింటివాళ్ళూ చదివినా మంచిదే. గుమ్మంలోకి వచ్చిన పోలీసు ఏం చేయాలో తెలిసుంటే, చేయనప్పుడు నిలదీసి అడగొచ్చు.

ముందే ఒక మాట. ఇలాంటి కాల్‌కి వెళ్ళినవాళ్ళు చేసే తప్పుల్లో సగం, రాజీ కుదర్చడమే తమ పని అనుకోవడంలోంచి పుడతాయి. అర్ధరాత్రి ఇద్దర్నీ నిలబెట్టి “సర్దుకుపోండి, పిల్లల మొహం చూడండి” అని చెప్పి కాల్ క్లోజ్ చేయించుకుని వచ్చేస్తే అక్కడితో అయిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి మీరు ఏమీ చూడలేదు, ఏమీ రాయలేదు, ఆమెకి ఏ దారీ చూపలేదు. ఆ రాత్రి మీరు ఆపాల్సింది దెబ్బని. కాపురం సంగతి తేల్చడానికి వేరే చోట్లున్నాయి, వేరే మనుషులున్నారు.

1. ఫోన్ తీసినవాళ్ళు అడగాల్సినవి

తెలంగాణలో జనానికి ఇప్పటికీ నోట్లో నానేది 100. దేశమంతటా పనిచేసే అత్యవసర నంబరు 112. మహిళా హెల్ప్‌లైన్ 181కి వచ్చిన కాల్ కూడా ప్రమాదం ఉందనిపిస్తే పోలీసుల దగ్గరికే చేరుతుంది. ఎక్కడ తీసినా మొదటి ప్రశ్న ఒకటే: “మీరిప్పుడు ఎక్కడున్నారు?” లైన్ తెగిపోయినా అడ్రస్ చేతిలో ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే బ్లాకు, అంతస్తు. బస్తీ అయితే దగ్గర్లో ఉన్న గుడో, మసీదో, కిరాణా కొట్టో.

ఆ తరవాత: అతను ఇంట్లోనే ఉన్నాడా? చేతిలో ఏమన్నా ఉందా? తాగి ఉన్నాడా? ఎవరికైనా రక్తం కారుతోందా? పిల్లలు ఎక్కడున్నారు? మీరు గదిలో గడియ పెట్టుకోగలరా?

అతను పక్కనే ఉంటే ఆమె మాట్లాడలేదు. చుట్టానికి ఫోన్ చేసినట్టు “ఆఁ పిన్నీ, బాగానే ఉన్నాం” అంటుంది. దాన్ని రాంగ్ నంబర్ కింద కొట్టేయకూడదు. “అవును, కాదు అని చెబితే చాలమ్మా. మిమ్మల్ని కొడుతున్నారా? కత్తి ఉందా?” అని అడగాలి. కాల్ కట్ అయితే, తిరిగి చేసే ఫోన్ అతని చేతిలో పడొచ్చని గుర్తుంచుకోవాలి. అదే నంబరు నుంచి, అదే ఇంటి నుంచి ఇంతకుముందు కాల్స్ వచ్చాయేమో చూసి, వెళ్తున్న బండికి ఆ సంగతి చెప్పాలి. మూడోసారి వెళ్తున్నామని తెలిసి వెళ్ళేవాడు ఇంటిని చూసే తీరే వేరు.

2. దారిలో

ఒక్కరే వెళ్ళొద్దు. కనీసం ఇద్దరు, వీలుంటే ఒక మహిళా కానిస్టేబుల్. రాత్రి డ్యూటీలో మహిళా సిబ్బంది దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అలాగని ఆవిడ వచ్చేదాకా స్టేషన్‌లో కూర్చోకూడదు. బయల్దేరి, దారిలోనే పక్క స్టేషన్‌ నుంచో, మహిళా పోలీస్ స్టేషన్‌ నుంచో పంపమని అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులున్నారు. ఆ వీధి మనుషులు వాళ్ళకి పేరుపేరునా తెలుస్తారు. ముందు ఫోన్ చేస్తే సగం సంగతి దారిలోనే తెలుస్తుంది.

సందు మొదట్లోనే సైరన్ ఆపేయండి. బండి సరిగ్గా ఇంటి ముందు కాకుండా రెండిళ్ళ ఇవతల ఆపండి. తలుపు కొట్టేముందు కాసేపు ఆగి వినండి. లోపల ఎవరు అరుస్తున్నారు, ఏ మాటలు అంటున్నారు, ఏం పగులుతోంది? “చంపేస్తా” అన్న మాట మీ చెవిన పడితే దానికి మీరే సాక్షి. ఒంటికి తగిలించుకునే కెమెరా ఉంటే ఇక్కడే ఆన్ చేయాలి, లోపలికి వెళ్ళాక కాదు.

3. గుమ్మం దగ్గర

తలుపుకి ఎదురుగా నిలబడొద్దు, పక్కకి నిలబడి కొట్టండి. తీసేది సాధారణంగా మగమనిషే. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నవ్వు మొహం పెట్టి, “ఏం లేదు సార్, మా ఇంట్లో విషయం. అయిపోయింది” అంటాడు. ఒక్కోసారి తీసేది అత్తగారు: “మా కోడలికి కాస్త నోరెక్కువ నాయనా, అంతే.”

ఇక్కడ ఒకటే నియమం: ఆమెని కళ్ళతో చూడకుండా, విడిగా మాట్లాడకుండా వెనక్కి రాకూడదు. “పడుకుంది సార్”, “స్నానం చేస్తోంది” లాంటివి వింటే మరింత గట్టిగా నిలబడాలి. “కాల్ వచ్చిందన్నా, మనిషిని చూడకుండా మేం వెళ్ళలేం. మా డ్యూటీ అది” అని గొంతు పెంచకుండా చెబితే చాలామంది దారికొస్తారు. లోపల నుంచి కేకలు వినబడుతున్నా, రక్తం కనబడినా వారంట్ కోసం చూడనక్కర్లేదు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారంట్ లేకుండా అరెస్టు చేయగల నేరం, జరగకుండా జోక్యం చేసుకునే బాధ్యత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, 168వ సెక్షన్ ప్రతి పోలీసు అధికారి మీదా పెట్టింది.

“ఎవరు చేశారు సార్ ఫోన్?” అని తప్పకుండా అడుగుతాడు. జవాబు ఎప్పుడూ ఒకటే: “కంట్రోల్ రూమ్‌కి కాల్ వచ్చింది.” అంతకుమించి ఒక్క మాట చెప్పొద్దు. పక్కింటి ఆవిడ పేరు బయటపడితే రేపటి నుంచి ఆ ఇంట్లో ఏం జరిగినా ఆవిడ ఫోన్ ముట్టుకోదు. భార్యే చేసిందని తెలిస్తే మీరు వెళ్ళాక దానికీ కొడతాడు.

4. ఇద్దర్నీ విడదీయడం

లోపలికి వెళ్ళగానే చేసే పని ఇది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేని, వినలేని చోట ఉండాలి. మీరూ మీ తోటి ఉద్యోగీ మాత్రం ఒకరికొకరు కనబడుతూ ఉండాలి. ఒకే గది ఉన్న ఇల్లయితే అతన్ని వరండాలోకో మెట్ల దగ్గరికో తీసుకెళ్ళండి. ఆమెని వీధిలో నిలబెట్టి పదిమంది ముందు అడగొద్దు.

వంటిల్లు తప్పించండి. కత్తిపీట, రోకలి, మరిగే నూనె, గ్యాస్ బండ అన్నీ అక్కడే. “మంచినీళ్ళు తాగొస్తా సార్” అని అతను లేస్తే నీళ్ళు మీరు తెప్పించండి. గ్యాస్ వాసన వస్తుంటే లైటు స్విచ్ ముట్టుకోకుండా ముందు తలుపులు, కిటికీలు తీసి, రెగ్యులేటర్ కట్టేసి, అందర్నీ బయటికి పంపండి. ఒంటి మీద కిరసనాయిలో పెట్రోలో పోసుకున్న మనిషి ఉంటే తడి బట్టలు మార్పించి, అగ్గిపెట్టెలూ లైటర్లూ తీసేశాకే మిగతా మాట.

ఈలోగా గుంపు చేరుతుంది. ఆడపడుచు, బావగారు, వీధి చివర కొట్టాయన. ఎవరో ఒకరు ఫోన్ మీ చేతికిస్తారు: “సార్, కార్పొరేటర్ గారు లైన్లో ఉన్నారు.” ఊళ్ళో అయితే పెద్దమనుషులు, “పొద్దున పంచాయితీ పెట్టుకుంటాం లెండి” అంటారు. “డ్యూటీలో ఉన్నాను, తరవాత మాట్లాడతా” అని ఫోన్ వెనక్కి ఇచ్చేయండి. చూసినవాళ్ళ పేర్లు, నంబర్లు రాసుకుని మిగతావాళ్ళని బయట ఉంచండి.

5. ఆమెతో మాట్లాడటం

ఇక్కడ తొందరపడితే తక్కినదంతా దండగ. కూర్చోబెట్టి, మీరూ కూర్చుని, “మీరు” అని మాట్లాడండి. యూనిఫాంలో ఉన్న మగాడు “నువ్వేమన్నావ్ వాణ్ణి?” అని మొదలుపెడితే, తప్పు తనదేనని పోలీసు కూడా ఒప్పుకున్నట్టు ఆమెకి వినబడుతుంది. అందుకే అడగాల్సింది కారణాన్ని కాదు, జరిగినదాన్ని: “అమ్మా, ఇవాళ ఏం జరిగింది? మొదట్నుంచి చెప్పండి.” చెబుతుంటే ఆపొద్దు. తరవాత వరసలో అడగండి. దేనితో కొట్టాడు? ఎక్కడ తగిలింది? ఇంతకుముందు ఎప్పుడు? అప్పుడు ఆస్పత్రికి వెళ్ళారా?

ఆమె తెలుగు మాట్లాడకపోతే, హైదరాబాద్‌లో వలస కూలీల ఇళ్ళల్లో ఇది మామూలే, భర్తతోనో అతని తమ్ముడితోనో అనువాదం చేయించొద్దు. పిల్లలతో అసలే వద్దు. ఆ భాష తెలిసిన కానిస్టేబుల్‌ని ఫోన్‌లోకి తీసుకోండి.

కొన్ని ప్రశ్నలు మాత్రం ఎంత ఇబ్బందిగా ఉన్నా అడిగి తీరాలి, ప్రాణం పోయే ప్రమాదం ఎంతుందో బయటపెట్టేవి అవే. గొంతు పట్టుకున్నాడా? చంపుతానన్నాడా? ఆయుధం చూపించాడా? మీరు గర్భవతా? ఈమధ్య పుట్టింటికి వెళ్ళిపోతాననో విడిపోతాననో అన్నారా? అనుమానంతో ఫోన్ తీసుకోవడం, వెంటపడటం ఉందా? కొట్టడం ఈమధ్య ఎక్కువైందా? “అవును”లు ఎక్కువవుతుంటే ఆ రాత్రి ఆమెని అదే ఇంట్లో వదిలి రావడం గురించి మళ్ళీ ఆలోచించాలి. విడిపోతానన్న రోజులే ఎక్కువ ప్రమాదకరం. “వెళ్ళిపోతానంటోందిగా, గొడవ అక్కడితో పోతుంది” అనుకోవడం పొరపాటు.

గొంతు నులమడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే స్టేషన్లలో దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. మెడ మీద ఒక్క గీతా లేకపోవచ్చు. కానీ గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కళ్ళల్లో సన్నటి ఎర్రచుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, తెలియకుండానే మూత్రం పోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆస్పత్రి. లోపలి వాపు, రక్తనాళాల దెబ్బ గంటల తరవాత కూడా ప్రాణం తీయగలవు. దీన్ని “మెడ పట్టుకుని నెట్టాడు” అని మెత్తగా రాయొద్దు. ఆమె ఎలా చెబితే అలా రాయండి.

6. ఆస్పత్రి

గాయం ఉంటే 108కి ఫోన్ చేయండి, లేదంటే మీ బండిలోనే తీసుకెళ్ళండి. ప్రభుత్వాసుపత్రికి పోలీసు మెమో ఇచ్చి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు కేసుతో ముడిపడ్డ వైద్యంగా, నమోదు చేయించాలి. డాక్టర్ ఇచ్చే గాయాల పత్రం, వూండ్ సర్టిఫికెట్‌లో గాయం ‘సాధారణం’ అని ఉంటుందా ‘తీవ్రం’ అని ఉంటుందా అన్నదాన్ని బట్టి సెక్షన్ మారిపోతుంది. ఫొటోలు ఆమె ఒప్పుకుంటేనే, మహిళా సిబ్బందితోనే. మర్నాడు కమిలిన మచ్చలు ఇంకా బాగా బయటపడతాయి కాబట్టి రెండోసారీ తీయించండి.

మన పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది: పురుగుల మందు. “తాగలేదు సార్, తాగుతానని బెదిరించింది అంతే” అన్నా, నోటి దగ్గర వాసనొచ్చినా, డబ్బా మూత తీసి ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. గడ్డిమందు తాగిన మనిషి మొదటి రోజు మామూలుగా కూర్చుని మాట్లాడుతుంది, ఊపిరితిత్తులు తరవాత దెబ్బతింటాయి. డబ్బా కూడా డాక్టర్‌కి చూపించండి. కాలిన గాయాలైతే, పరిస్థితి విషమంగా ఉంటే, మరణ వాంగ్మూలం కోసం మేజిస్ట్రేట్‌కి కబురు పంపడం ఆలస్యం చేయొద్దు. చుట్టూ అత్తింటివాళ్ళు నిలబడి ఉండగా తీసుకున్న మాటకి కోర్టులో విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

7. అతనితో

కొట్టొద్దు, తిట్టొద్దు. పదిమంది ముందు చెంప వాయించి, దండించినట్టు చూపించి వెళ్ళిపోవడం కొందరికి అలవాటు. చట్టవిరుద్ధమన్నది సరే, ఆ చెంపదెబ్బ బాకీ రాత్రే ఆమె మీద తీరుతుంది. అతని మాట కూడా పూర్తిగా విని, అతని మాటల్లోనే రాసుకోండి. “ఒక్కటే కొట్టాను సార్, తప్పేముంది” అన్నాడంటే కొట్టినట్టు ఒప్పుకున్నాడు. పోలీసుతో అన్న ఆ ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా నిలవకపోవచ్చు, కానీ ఆ రాత్రి ప్రమాదం ఎంతో మీకు అంచనా ఇస్తుంది.

తాగి ఉంటే వీధిలోకి లాగి న్యూసెన్స్ కింద పెట్టీ కేసు రాసేయడం తేలిక. మర్నాడు జరిమానా కట్టి వచ్చేస్తాడు. కాగితం మీద మిగిలేది వీధిలో గోల చేసిన సంగతి. లోపల భార్యకి తగిలిన దెబ్బలు ఎక్కడా ఉండవు.

8. ఇద్దరికీ దెబ్బలుంటే

“ఇద్దరూ కొట్టుకున్నారు” అని రాయడానికి ముందు గాయాలు చూడండి. అతని ముంజేతి మీద గోళ్ళ గీతలు, పళ్ళ గాట్లు. ఆమె మెడ మీద వేలిముద్రలు. ఎవరు పట్టుకున్నారు, ఎవరు విడిపించుకోబోయారు అన్నది ఆ గుర్తులే చెబుతాయి. ఎవరు ఎవరికి భయపడుతున్నారు, ఎవరి ఒడ్డూ పొడుగూ ఎంత, పాత కాల్స్ ఎవరి మీద అన్నవి కలిపి చూడాలి.

మగవాళ్ళు దెబ్బలు తినరని కాదు. గృహహింస చట్టం కింద దరఖాస్తు పెట్టుకోగలిగేది స్త్రీలే అయినా, గాయపరచడం, బెదిరించడం లాంటి నేరాలకి లింగభేదం లేదు. కొడుకు చేతిలో దెబ్బలు తిన్న తండ్రి ఉంటే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టం ఉంది, 14567 హెల్ప్‌లైన్ ఉంది. కొట్టేది అత్తో ఆడపడుచో అయినా గృహహింస చట్టం వర్తిస్తుంది. ప్రతివాది ‘వయోజన పురుషుడే’ కావాలన్న మాటని సుప్రీంకోర్టు 2016లో హిరాల్ హర్సోరా కేసులో కొట్టేసింది.

పిల్లలుంటే వాళ్ళని ఒకసారి మీ కళ్ళతో చూడండి, దెబ్బలున్నాయేమో గమనించండి. “నాన్న అమ్మని కొట్టాడా?” అని ఆ ఇద్దరి ముందే పిల్లల్ని సాక్ష్యం అడగొద్దు. పిల్లలకే ప్రమాదం ఉందనిపిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, బాలల సంక్షేమ కమిటీ.

9. ఏ సెక్షన్, ఏ కాగితం

పాత ఐపీసీలోని 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు: భార్య మీద భర్తో అతని బంధువులో చేసే క్రూరత్వానికి 3 ఏళ్ళ దాకా జైలు. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ నేరం కాగ్నిజబుల్ కావాలంటే సమాచారం బాధితురాలో, రక్తసంబంధం, పెళ్ళి లేదా దత్తత ద్వారా ఆమెకి బంధువులైనవాళ్ళో ఇవ్వాలి. అలాంటి బంధువులు లేకపోతే ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారి ఇవ్వచ్చు. పక్కింటివాళ్ళ ఫోన్ మీద మిమ్మల్ని పంపించొచ్చు గానీ, దాని మీదే 85 కింద ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. అందుకే ఆమెతోనో, ఆమె తల్లిదండ్రులతోనో, అన్నదమ్ములతోనో మాట్లాడటం అంత ముఖ్యం.

చేత్తో కొట్టి మామూలు గాయం చేస్తే 115(2), అది నాన్ కాగ్నిజబుల్. కర్రతోనో కత్తితోనో అయితే 118, తీవ్ర గాయమైతే 117, ఇవి కాగ్నిజబుల్. గదిలో పెట్టి తాళం వేస్తే 127. గొంతు నులిమిన తీరుని బట్టి హత్యాయత్నం, 109, వర్తిస్తుందేమో చూడాలి. కలిసి ఉన్న నేరాల్లో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసు కాగ్నిజబుల్‌గానే నడుస్తుంది. కత్తి, కర్ర లాంటివి స్వాధీనం చేసుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం వీడియో తీయాలి.

“మా లిమిట్స్ కాదు” అన్న మాట ఇక చెల్లదు. బీఎన్‌ఎస్‌ఎస్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. నంబరు లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, ఘటన జరిగిన చోటి స్టేషన్‌కి పంపాలి. అత్తవారింట్లో దెబ్బలు తిని పుట్టింటికి చేరిన ఆడపిల్ల పుట్టింటి ఊరి స్టేషన్‌లోనే కేసు పెట్టొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజామాబాద్‌లో కాపురం, ఒంగోలులో పుట్టిల్లు అయితే, ఆమె ప్రతి వాయిదాకీ నిజామాబాద్ తిరగక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

కౌన్సెలింగ్ సంగతి. లలితాకుమారి తీర్పు, 2013, భార్యాభర్తల గొడవల్లో కేసు కట్టేముందు ప్రాథమిక విచారణకి వీలిచ్చింది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) కింద, 3 ఏళ్ళు అంతకుమించి, 7 ఏళ్ళలోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో విచారణ ముగించాలి. నెలల తరబడి ‘కౌన్సెలింగ్‌కి రండి’ అని తిప్పడానికి ఇవేవీ అనుమతి ఇవ్వవు. ఎముక విరిగిన మనిషిని కౌన్సెలింగ్‌కి కూర్చోబెట్టడం విచారణ అనిపించుకోదు.

10. అరెస్టా, నోటీసా

అర్నేష్ కుమార్ తీర్పు, 2014 జులై, వచ్చాక 498ఏ పేరు చెప్పి ఇంటిల్లిపాదినీ జీపెక్కించే రోజులు పోయాయి. 7 ఏళ్ళ దాకా శిక్షపడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయాలి, లేకపోతే హాజరు కమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇవ్వాలి. మంచిదే. కానీ కొన్ని స్టేషన్లు దాన్ని ‘అరెస్టు చేయకూడదు’ అని చదువుకున్నాయి. తీర్పు అలా అనలేదు. మళ్ళీ నేరం చేయకుండా ఆపడానికి, సాక్షుల్ని బెదిరించకుండా ఉంచడానికి అవసరమైతే కారణం రాసి అరెస్టు చేయొచ్చు. చంపుతానని కత్తి పట్టుకున్నవాడి విషయంలో ఆ కారణం రాయడం కష్టమేం కాదు. ఆ రాత్రికే ముప్పు కనబడుతుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 170 కింద ముందస్తు అరెస్టు ఉంది, 24 గంటలు మించకూడదు. తరవాత అదే చట్టం 126 కింద బైండోవర్, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించడం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇక్కడి పద్ధతి గుర్తుండి అక్కడ బోల్తా పడతారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో, కొట్టారని నమ్మడానికి ఆధారం కనబడితే పోలీసు అరెస్టు చేసి తీరాలి. “రాజీ పడ్డాం” అని భార్య చెప్పినా ఆగదు.

11. ఐదో సెక్షన్: ఎక్కువమంది మర్చిపోయేది

నన్నడిగితే ఈ మొత్తంలో ముఖ్యమైన అంచె ఇదే. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని 5వ సెక్షన్ ప్రకారం, ఘటనా స్థలంలో ఉన్న పోలీసు అధికారి ఆమెకి కొన్ని సంగతులు చెప్పి తీరాలి. ఆమె కేసు పెడతానన్నా, పెట్టనన్నా సరే. తేలిక తెలుగులో ఇలా చెప్పొచ్చు:

“అమ్మా, మీరు మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయన మీ జోలికి రాకుండా, మిమ్మల్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా ఆర్డర్ తెచ్చుకోవచ్చు. ఖర్చులకి డబ్బు, పిల్లల్ని మీ దగ్గర ఉంచుకోవడం, జరిగినదానికి నష్టపరిహారం కూడా అడగొచ్చు. దరఖాస్తు రాయడానికి ప్రొటెక్షన్ ఆఫీసర్ సాయం చేస్తారు. సాయం చేసే సంస్థలూ ఉన్నాయి. లాయర్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం. 15100కి ఫోన్ చేయండి. క్రిమినల్ కేసు పెట్టే హక్కు కూడా మీకుంది. ఇవాళే నిర్ణయించుకోవాలని లేదు.”

ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పినట్టు రాసి, ఆమె సంతకం తీసుకోండి. ప్రొటెక్షన్ ఆఫీసర్ జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉంటారు. వాళ్ళ డీవీ (గృహహింస) సెల్ ద్వారా గృహహింస ఘటన నివేదిక తయారై కోర్టుకి వెళ్తుంది. ప్రొటెక్షన్ ఆఫీసరే అత్యవసరమని పిలిస్తే, ఘటన జరిగిన ఇంటికి వాళ్ళ వెంట వెళ్ళడం నిబంధనల ప్రకారం పోలీసు బాధ్యత.

“ఇల్లు నా పేరు మీదుంది, అది బయటికి పోవాల్సిందే” అని మామగారు అంటారు. 17వ సెక్షన్ ప్రకారం ఉమ్మడిగా కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఆ ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా ఇది వర్తించగలదని సతీశ్ చందర్ ఆహూజా కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కోర్టు ఉత్తర్వు లేకుండా మీరు తాళం పగలగొట్టి ఆమెని లోపల కూర్చోబెట్టలేరు. కానీ ఆమెని బయటికి పంపడానికి మీ యూనిఫాం వాడుకోనివ్వకుండా ఉండగలరు.

12. వెళ్ళే ముందు

ఈ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? పుట్టిల్లా, చెల్లెలి ఇల్లా, సఖి వన్ స్టాప్ సెంటరా? సఖి కేంద్రంలో తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. కదలాల్సి వస్తే మీరు నిలబడి ఉండగానే సంచి సర్దుకోనివ్వండి: ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, ఫోన్ ఛార్జర్. నగలు ఎవరివన్న గొడవలోకి ఇప్పుడు దిగొద్దు.

ఇంట్లోనే ఉంటానంటే అది ఆమె నిర్ణయం, కోప్పడొద్దు. “ఇన్నిసార్లు ఫోన్ చేసి కేసు పెట్టనంటావేంటి?” అని విసుక్కున్న పోలీసుని ఆమె ఇంకోసారి పిలవదు. పిల్లల ఫీజు, తల్లిదండ్రుల పరువు, చేతిలో పైసా లేకపోవడం, ఇన్ని లెక్కలు వేసుకుంటోంది ఆమె. మళ్ళీ మొదలైతే ఏ గదిలోకి వెళ్ళాలి, పక్కింటివాళ్ళకి ఏం గుర్తు ఇవ్వాలి అని అడిగి మాట్లాడుకోండి. నంబర్లు అతనికి కనబడేలా కాగితం మీద రాసివ్వకుండా, ఫోన్‌లో ఏదో వదిన పేరుతో సేవ్ చేయించండి.

13. జీడీ ఎంట్రీ

స్టేషన్‌కి వచ్చాక జనరల్ డైరీలో “భార్యాభర్తల గొడవ, కౌన్సెలింగ్ చేసి పంపడమైనది” అని ఒక్క లైను రాసి రైటర్ చేతికి ఇవ్వడం అన్ని స్టేషన్లలో ఉన్న జబ్బు. అలా కాకుండా వెళ్ళిన టైము, తలుపు తీసింది ఎవరు, లోపల నుంచి విన్న మాటలు, పగిలిన వస్తువులు, ఒంటి మీద గాయాలు ఎక్కడెక్కడ, ఇద్దరూ అన్నది, పిల్లలు ఎందరు, ప్రమాద ప్రశ్నలకి జవాబులు, ఐదో సెక్షన్ చెప్పినట్టు, ఆమె ఏం కోరుకుంది, మీరు వెళ్ళేసరికి ఎవరు ఎక్కడున్నారు అన్నవన్నీ రాయండి. కేసు పెట్టనంటే అదీ ఆమె మాటల్లోనే.

ఎందుకింత? ఆ రాతే తరవాత కోర్టులో ఆమె చెప్పేదానికి తోడు నిలుస్తుంది. పెళ్ళయిన 7 ఏళ్ళలోపు ఆమె అనుమానాస్పదంగా చనిపోతే, వరకట్న మరణం కేసులో దర్యాప్తు అధికారి వెతికేది కూడా పాత కాల్స్‌నీ, పాత ఎంట్రీలనే. అప్పుడు ‘కౌన్సెలింగ్ చేసి పంపడమైనది’ అన్న లైను రాసిన మీ పేరూ బయటికి వస్తుంది.

14. తరవాతి వారం

రెండు మూడు రోజుల్లో మహిళా కానిస్టేబుల్‌తో ఆమెకి ఫోన్ చేయించండి, అతను పనికి వెళ్ళే వేళ చూసి. వూండ్ సర్టిఫికెట్ తెప్పించండి. కేసు కట్టి ఉంటే దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఆమెకి చెప్పాలి. భర్త విదేశాల్లో ఉండి ఫోన్ మీద వేధిస్తుంటే, తెలంగాణలో మహిళా భద్రతా విభాగం కింద ఎన్నారై సెల్ ఉంది, అక్కడికి పంపండి.

కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు కాపీ స్టేషన్‌కి వస్తే ఫైల్లో పెట్టి మర్చిపోవద్దు. ఆ ఇంటి అడ్రస్, ఉత్తర్వులోని షరతులు బీటు కానిస్టేబుళ్ళందరికీ తెలియాలి. ఎందుకంటే ఆ ఇంటి నుంచి ఈసారి కాల్ వస్తే లెక్క మారిపోతుంది. ఉత్తర్వు ఉల్లంఘించడమే గృహహింస చట్టం 31వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. అతను కొట్టాడా లేదా అని తేల్చుకోవాల్సిన పని లేదు. రావద్దన్న గుమ్మంలో నిలబడి ఉంటే చాలు. బయల్దేరేముందు ఉత్తర్వు కాపీ జేబులో పెట్టుకోండి.